మహమ్మారి వస్తే నర్సింగ్ విద్యార్థుల క్లినికల్ శిక్షణ ఆగకుండా ఉండాలంటే ఆసుపత్రితో ఒప్పందం ఎలా ఉండాలి?

గుంటూరులోని ఒక ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో ట్యూటర్‌గా పనిచేస్తున్న సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది: 2020, 2021 సంవత్సరాల్లో వారి విద్యార్థులకు వార్డు పోస్టింగులు నెలల తరబడి ఆగిపోయాయి. అప్పటి బ్యాచ్‌లు లాగ్‌బుక్కులు ఎలాగో నింపుకొని బయటపడ్డాయి. ఇప్పుడు యాజమాన్యం ఆసుపత్రులతో ఒప్పందాలను తిరగరాయిస్తోంది. మళ్ళీ అటువంటి విపత్తు వచ్చినా శిక్షణ సాగాలంటే అందులో ఏం రాసుకోవాలి, బొమ్మల మీద వార్డు పని సాధన చేయించే సిమ్యులేషన్ ల్యాబ్‌తో ఎంతవరకు నెట్టుకురావచ్చు, చదువుకునే పిల్లలను అంటువ్యాధి వార్డుకు పంపడం అసలు సబబేనా? విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో మొదట వార్డు బాధ్యతలు, ఆ తరువాత నర్సింగ్ బోధన చూసినదానిగా నాకు తెలిసినంత వివరంగా జవాబు రాస్తున్నాను.

మన కళాశాలలు ఆసుపత్రులతో చేసుకునే ఒప్పందాలు చాలావరకు పడకల లెక్క మీద నిలబడినవి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలన్న నిష్పత్తిని భారతీయ నర్సింగ్ కౌన్సిల్ కోరుతుంది కాబట్టి ఫలానా ఆసుపత్రిలో ఇన్ని పడకలు, ఇంతమంది విద్యార్థులు, తలకు ఇంత రుసుము అని రాసుకొని సంతకాలు పెట్టుకుంటారు. ఆ కాగితంలో విద్యార్థికి వార్డులో పని నేర్పేది ఎవరో ఉండదు, ఆపద వస్తే ఎవరు ఎవరికి ఏం బాకీయో ఉండదు. తనిఖీ రోజున చూపించడానికి మాత్రం అది అక్కరకు వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఒప్పందంలో పడకలను ఒక పక్కకు పెట్టి మనుషులను రాసుకోవాలి. కళాశాల తన అధ్యాపకులను వార్డులో పనికి ఇవ్వాలి, ఆసుపత్రి తన స్టాఫ్ నర్సులను బోధనకు ఇవ్వాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మామూలు రోజుల్లోనే నడుస్తూ ఉంటే విపత్తులో పోస్టింగు ఆగదు. అది లేని చోట ఎంత మంచి కాగితమైనా మొదటి వారంలోనే చెల్లకుండా పోతుంది.

2020లో జరిగింది గుర్తు చేసుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న మహమ్మారిని ప్రకటించింది, మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఫ్లారెన్స్ నైటింగేల్ ద్విశత జయంతి సందర్భంగా ఆ సంవత్సరాన్నే అంతర్జాతీయ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా అదే సంస్థ ముందుగా ప్రకటించి ఉండడం కాలం చేసిన ఎగతాళి అనుకోవాలి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రుల్లో ఒకటిగా మార్చారు. ఏప్రిల్ నెలాఖరుకు కేంద్రం విడుదల చేసిన జాబితాలో అప్పటి కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ రెడ్ జోన్‌లోనే ఉన్నాయి. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, బస్సులు ఆగాయి, కృష్ణా వారధికి అటూ ఇటూ రాకపోకలకు అనుమతి పత్రాలు అవసరమయ్యాయి. సిబ్బందికే మాస్కులు, పీపీఈ కిట్లు చాలకపోయిన ఆ రోజుల్లో ఆసుపత్రులు మొదట వద్దన్నది విద్యార్థులనే. అందులో వారి తప్పు పెద్దగా లేదు. వార్డులో ఎవరి బాధ్యతా కాని మనిషి అంటువ్యాధి కాలంలో అదనపు ప్రమాదమే.

ఏడాది తిరిగేసరికి మాట మారింది. రెండో ఉధృతిలో, 2021 మే 3న, కేంద్ర ప్రభుత్వం బీఎస్సీ, జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) ఉత్తీర్ణులైన నర్సులను పూర్తికాల కోవిడ్ విధుల్లో వాడుకోవచ్చని, చివరి పరీక్షల కోసం ఎదురుచూస్తున్న ఆఖరి సంవత్సరం విద్యార్థులకు కూడా సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో విధులు అప్పగించవచ్చని ప్రకటించింది. వంద రోజుల కోవిడ్ విధులు పూర్తిచేసిన వారికి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఉంటుందని కూడా చెప్పింది. అంటే విద్యార్థులను ఒకసారి రావద్దన్నారు, మరోసారి వెంటనే రమ్మన్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ కళాశాలకు, ఆసుపత్రికి మధ్య ముందుగా ఆలోచించుకున్న ఏర్పాటు లేకపోవడమే అసలు లోటు. చివరి సంవత్సరం విద్యార్థిని మధ్యలో ఏడాది పాటు వార్డు ముఖం చూడకుండా, తిరిగి అడుగుపెట్టడమే ఆక్సిజన్ వార్డులోకి అయితే, ఆమెకూ మంచిది కాదు, రోగికీ మంచిది కాదు.

కళాశాలకు, ఆసుపత్రికి మధ్య ఈ దూరం మన ప్రాంతంలో మొదటి నుంచీ ఉన్నది కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్, 1920లో వచ్చిన ఆస్ట్రేలియన్ వైద్యురాలు, క్రైస్తవ సన్యాసిని డాక్టర్ మేరీ గ్లౌరీ తాము నడిపిన ఆసుపత్రుల్లోనే స్థానిక స్త్రీలకు నర్సు పని, మంత్రసాని పని నేర్పించారు. అక్కడ ఆసుపత్రే బడి, వార్డు సిస్టరే పంతులమ్మ, కాబట్టి ఒప్పందం అన్న ప్రశ్నే లేదు. ఆ పద్ధతిలో విద్యార్థినిని జీతం లేని పనిమనిషిగా వాడుకున్న దోషం కూడా చాలాచోట్ల ఉండేది, దానిని తిరిగి తెచ్చుకోమని నేను అనను. అయితే తరువాతి దశాబ్దాల్లో కళాశాలలు ఆసుపత్రుల నుంచి విడివడి పెరిగినప్పుడు, వార్డులో నేర్పే బాధ్యత ఎవరిదన్నది ఇద్దరి మధ్య జారిపోయింది. ఇవాళ పెద్దాసుపత్రి వార్డులో ఉదయం తొమ్మిదికి మూడు నాలుగు కళాశాలల యూనిఫాంలు ఒకేసారి కనిపిస్తాయి. ఒక్కో మంచం చుట్టూ అరడజను మంది నిలబడి ఒకే రోగి రక్తపోటును వంతులవారీగా చూస్తారు. మహమ్మారిలో ఆ గుంపే అంటురోగానికి దారి.

అందుకే మీ కొత్త ఒప్పందంలో మొదట అడగవలసింది ఒక వార్డు. పెద్దాసుపత్రిలో పది వార్డుల్లో తలా కొంచెం కాకుండా, ఒకటో రెండో వార్డులు పూర్తిగా మీ కళాశాలకు కేటాయించమని అడగండి. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1990ల చివరలో ఈ పద్ధతిని రూపొందించింది, 2003 నుంచి అమెరికాలోని పోర్ట్‌లాండ్ విశ్వవిద్యాలయం దానిని అందిపుచ్చుకుంది. ఆ వార్డులోని స్టాఫ్ నర్సులే విద్యార్థులకు నేర్పుతారు, కళాశాల అధ్యాపకురాలు ఆ నర్సులకు బోధనలో తోడుగా ఉంటారు. విద్యార్థులు వారానికో వార్డు మారకుండా ఎక్కువ కాలం అక్కడే ఉంటారు కాబట్టి హెడ్ నర్సుకు వారి పేర్లు, ఎవరి చేయి ఎంత నమ్మదగినదో తెలుస్తుంది. విపత్తు వచ్చినప్పుడు వారిని బయటకు పంపాలా, లోపల ఉంచుకోవాలా అన్న నిర్ణయం ఆ ఎరుక మీదే ఆధారపడుతుంది. ముఖం తెలియని నలభై మందిని ఏ హెడ్ నర్సూ ఉంచుకోదు, పేరు తెలిసిన ఎనిమిది మందిని అంత తేలికగా వదులుకోదు.

దీనికి బదులుగా కళాశాల ఏమివ్వాలన్నది మన యాజమాన్యాలకు మింగుడుపడని భాగం. రుసుము చెల్లించాం కదా అన్న సమాధానం చాలదు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు వారంలో కొన్ని రోజులు ఆ వార్డులో నిజమైన డ్యూటీ చేయాలి. అంటే మందులు ఇవ్వడం, హాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాల అప్పగింత) తీసుకోవడం, రిజిస్టర్ రాయడం వరకు అన్నమాట. కుర్చీలో కూర్చొని హాజరు వేసుకొని వచ్చే పర్యవేక్షణ మామూలు రోజుల్లోనే పనికిరాదు, విపత్తులో అసలే పనికిరాదు. 2021 మే నాటి ప్రకటన కూడా విద్యార్థులను సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలోనే పంపమన్నది. వార్డు పని ఏళ్ళ తరబడి వదిలేసిన అధ్యాపకులు ఆ పర్యవేక్షణ ఎలా చేయగలరు? స్టాఫ్ నర్సుకు బోధన గంటలకు గౌరవ వేతనం, ఒక ధృవపత్రం, వీలైతే ఉన్నత చదువుకు రుసుములో రాయితీ ఇస్తే ఆమె ఆ పనిని తలకెత్తిన బరువుగా చూడదు. ఈ ఖర్చు ఇప్పుడు తలవారీగా చెల్లిస్తున్న దానికంటే మరీ ఎక్కువేమీ కాదు, వెళ్ళే చేతులు మాత్రం మారతాయి.

ఇక ఇతర దేశాలు ఏం చేశాయన్నది మీ యాజమాన్యం తప్పక అడుగుతుంది. 2020 మార్చిలో అమెరికా నర్సింగ్ నాయకత్వ సంస్థలు కలిసి ఒక విధాన పత్రం విడుదల చేశాయి. ఆసుపత్రులు నర్సింగ్ విద్యార్థులను పాక్షిక సమయ ఉద్యోగులుగా తీసుకోవాలని, ఆ పని గంటలను కళాశాల చదువులో లెక్కించాలని దాని సారం. బ్రిటన్‌లో అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ అత్యవసర ప్రమాణాలు జారీచేసి, చివరి ఆరు నెలల్లో ఉన్న విద్యార్థులు ఇష్టపడితే జీతంతో కూడిన పోస్టింగుల్లో చేరవచ్చన్నది. ఈ రెండింటిలోనూ మనం తీసుకోదగినవి రెండు ఉన్నాయి: పని చేయించుకుంటే జీతం ఇవ్వడం, ఆ పనిని చదువుగా గుర్తించడం. నేను జాగ్రత్తపడమనే చోటు కూడా ఒకటుంది. జీతగాడిగా మారిన విద్యార్థి నేర్చుకునే హక్కును నెమ్మదిగా కోల్పోతాడు. సిబ్బంది తక్కువైన రాత్రి వార్డులో అతడు ఒక జత చేతులు మాత్రమే అవుతాడు. కాబట్టి జీతం ఇచ్చినా సరే, డ్యూటీ పట్టికలో సిబ్బంది సంఖ్యలో అతణ్ణి కలపకూడదన్న షరతు రాసుకోవాలి. ఆసుపత్రి ఒప్పుకోవడానికి ఇబ్బందిపడే షరతు ఇదే, కాబట్టి ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే దీనిని ఒప్పించుకోవాలి.

ఒప్పందంలో విపత్తుకు సంబంధించిన అనుబంధం ఒకటి విడిగా ఉండాలి. అందులో అన్నింటికంటే ముందు రాయవలసింది విద్యార్థి పేరు మీద లిఖితపూర్వక డ్యూటీ ఉత్తర్వు. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది, కానీ బీమా అంతా దీని మీదే నిలుస్తుంది. 2020 మార్చి 30 నుంచి అమలైన ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ బీమా ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల రక్షణ ఇచ్చింది. ప్రభుత్వాలు కోవిడ్ విధుల కోసం కోరి తీసుకున్న ప్రైవేటు, ఒప్పంద సిబ్బందికి, స్వచ్ఛంద సేవకులకు కూడా అది వర్తించింది. కోరి తీసుకున్నారని చూపే కాగితం లేకుండా, నోటిమాట మీద వార్డుకు వెళ్ళిన అమ్మాయి కుటుంబం రేపు ఏం చూపించగలదు? రేపటి పథకం పేరు, మొత్తం మారవచ్చు. ఉత్తర్వులో విద్యార్థి పేరు, వార్డు, తేదీలు, పర్యవేక్షకురాలి పేరు ఉండాలన్న నియమం మాత్రం ఏ పథకానికైనా పనికొస్తుంది. అలాగే 2020 ఏప్రిల్‌లో అంటువ్యాధుల చట్టానికి తెచ్చిన సవరణ ఆరోగ్య సిబ్బందిపై దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ళ వరకు జైలు శిక్ష విధించింది. విద్యార్థిపై దాడి జరిగితే ఫిర్యాదు చేసే బాధ్యత ఆసుపత్రిదేనని మీరు రాసుకుంటే ఆ రక్షణ కాగితం మీద ఆగిపోదు.

తరువాత, చేయదగిన పనుల జాబితా. మొదటి, రెండవ సంవత్సరం వారికి అంటువ్యాధి వార్డు ప్రవేశమే ఉండకూడదు. చివరి సంవత్సరం వారికి కూడా ఆక్సిజన్ అవసరం స్థిరంగా ఉన్న రోగుల సంరక్షణ, ఆక్సిమీటర్ రీడింగులు, బోర్లా పడుకోబెట్టడం, ఆహారం, మందులు, కుటుంబంతో ఫోన్ మాట్లాడించడం వంటివి అప్పగించవచ్చు. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు సహాయపడడం, సక్షన్ చేయడం (గొట్టంతో కఫం లాగడం), గొంతు నుంచి నమూనా తీయడం వంటి తుంపర్లు లేచే పనులు విద్యార్థులవి కావు. పీపీఈ వేసుకొని పనిచేసే సమయానికి హద్దు ఉండాలి. మే నెల విజయవాడ ఎండలో, ఏసీలు ఆపిన వార్డులో ఆ కిట్టు లోపల ఆరు గంటలు నిలబడమనడం అనుభవం ఉన్న నర్సుకే కష్టం, విద్యార్థికి నాలుగు గంటలు దాటనివ్వకూడదని నేను పట్టుబడతాను. కిట్టు తొడుక్కునేటప్పుడు, విప్పేటప్పుడు పక్కన ఒకరు చూస్తూ ఉండాలి. అంటుకోవడం ఎక్కువగా విప్పేటప్పుడే జరుగుతుంది, అలసిపోయిన మనిషి మొదట మరిచేది ఆ వరుసనే.

వసతి, భోజనం, క్వారంటైన్ గురించి చిన్నగా చెబుతాను, ఎందుకంటే ఇవి అందరికీ తెలిసినవే, అయినా చాలామంది రాసుకోరు. కోవిడ్ డ్యూటీ చేసే వారికి హాస్టల్‌లో విడి అంతస్తు, విడి స్నానాల గదులు, రాత్రి డ్యూటీకి వాహనం ఉండాలి. జ్వరం వస్తే ఎక్కడ పరీక్ష, ఎక్కడ పడక అన్నది ముందే తేలి ఉండాలి, ఆ పడక సాధ్యమైతే భాగస్వామ్య ఆసుపత్రిలోనే ఇస్తామని రాయించుకోవాలి. తాత్కాలిక సంరక్షణ కేంద్రాల్లో పోస్టింగు ఇస్తే అగ్నిమాపక ఏర్పాట్లు, బయటపడే దారులు అధ్యాపకురాలు స్వయంగా నడిచి చూడాలి. 2020 ఆగస్టు 9న విజయవాడలో ఒక హోటల్‌లో నడుస్తున్న కోవిడ్ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి ప్రాణాలు పోయాయి. ఆసుపత్రిగా కట్టని భవనాన్ని ఆసుపత్రిగా వాడేటప్పుడు ఈ నడక తప్పనిసరి.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మరొకటి ఉంది. కోవిడ్ వార్డు గురించి అందరూ మాట్లాడతారు గానీ, ఆ రెండేళ్ళలో విద్యార్థులు నిజంగా కోల్పోయినది కోవిడ్ కాని శిక్షణ. పెద్దాసుపత్రి ఒక్కసారిగా కోవిడ్ ఆసుపత్రిగా మారడంతో శస్త్రచికిత్స వార్డు, పిల్లల వార్డు, ప్రసూతి వార్డు పోస్టింగులు మూకుమ్మడిగా పోయాయి. ఒకే ఆసుపత్రి మీద ఆధారపడిన కళాశాల ఒకే రోజున అన్నీ పోగొట్టుకుంది. మరి రోగులు ఎక్కడికి వెళ్ళారు? ప్రసవాలు ఆగలేదు, డయాలసిస్ ఆగలేదు, టీకాలు కొన్నాళ్ళు తడబడినా తిరిగి మొదలయ్యాయి. విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ వీధికి నాలుగైదు చొప్పున నర్సింగ్ హోములు ఉన్నాయి. వాటిలో చాలావాటికి మన కళాశాలలతో ఏ సంబంధమూ లేదు, ఎందుకంటే పడకల లెక్కలో అవి చిన్నవి. ఇరవై, ముప్పై పడకల ప్రసూతి ఆసుపత్రి ఒక కళాశాల అవసరాన్ని తీర్చలేదు, నిజమే. కానీ ఇద్దరేసి విద్యార్థులను తీసుకునే ఆసుపత్రులు పది ఉంటే ఇరవై మందికి ప్రసవ గది అనుభవం వస్తుంది. పైగా ఇద్దరే ఉంటే అంటు భయమూ తక్కువ, నేర్పే సిస్టర్‌కు ఓపికా ఉంటుంది.

కాబట్టి పెద్దాసుపత్రితో ఒక ప్రధాన ఒప్పందం, చుట్టూ చిన్న ఆసుపత్రులతో, డయాలసిస్ కేంద్రాలతో, ఒక వృద్ధాశ్రమంతో, పట్టణ ఆరోగ్య కేంద్రాలతో, దగ్గరి మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో చిన్న చిన్న ఒప్పందాలు ఉండాలి. గుర్తింపు నిబంధనల ప్రకారం అనుబంధ సంస్థలుగా ఏవి చెల్లుతాయో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌ను ముందే అడిగి, చెల్లని చోట పొందిన అనుభవాన్ని అదనపు అనుభవంగా నమోదు చేసుకోవచ్చు. దూరం కూడా చూసుకోండి. గుంటూరు నుంచి విజయవాడ దగ్గరే అనిపిస్తుంది గానీ, రాకపోకలు ఆగిన రోజున అది దాటరాని దూరం. హాస్టల్ నుంచి నడిచి వెళ్ళగలిగే భాగస్వామి కనీసం ఒకటైనా ఉండాలి. ఇంటికి వెళ్ళిపోయిన విద్యార్థినికి సొంత మండలంలోని ఆరోగ్య కేంద్రంలోనే పోస్టింగు ఇవ్వగలిగితే మరీ మేలు. దానికి కళాశాల, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయం కలిసి ఒక పత్రం సిద్ధం చేసుకొని ఉంచితే చాలు, అవసరం పడిన రోజున పేర్లు నింపి పంపవచ్చు.

ఆరోగ్య కేంద్రంలో ఏం నేర్చుకుంటారని కొందరు అధ్యాపకులు పెదవి విరుస్తారు. 2021 జనవరి 16న టీకా కార్యక్రమం మొదలైనప్పుడు నడిచిన కేంద్రాలను గుర్తు చేసుకోండి. నిరీక్షణ గది, టీకా గది, పరిశీలన గది, టీకా తరువాత 30 నిమిషాల నిఘా, టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచే శీతల గొలుసు, వికటిస్తే వాడే అత్యవసర మందుల పెట్టె ఇవన్నీ సామాజిక ఆరోగ్య నర్సింగ్ పాఠ్యాంశాలే. ఒక ఏఎన్ఎం (ఆరోగ్య కేంద్రం నర్సు) పక్కన వారం రోజులు నిలబడితే పుస్తకంలో నెల చదివినా రాని విషయాలు వస్తాయి. హోం ఐసొలేషన్‌లో ఉన్న రోగులకు రోజూ రెండుసార్లు ఫోన్ చేసి ఆక్సిజన్ శాతం, జ్వరం, ఆయాసం అడిగి, ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించి, అంకె పడిపోతే వైద్యాధికారికి చెప్పడం కూడా శిక్షణే. కాకపోతే ఆ పిలుపులను అధ్యాపకురాలు వినాలి, రాసిన నోట్సును దిద్దాలి, అప్పుడే అది గంటలుగా లెక్కకు వస్తుంది.

సిమ్యులేషన్ విషయానికి వస్తే, తరచూ ఉదహరించే అధ్యయనం అమెరికా జాతీయ నర్సింగ్ బోర్డుల మండలి 2014లో ప్రచురించినది. పది నర్సింగ్ కళాశాలల్లో విద్యార్థులను మూడు వర్గాలుగా చేసి, క్లినికల్ గంటల్లో 25 శాతం, 50 శాతం సిమ్యులేషన్‌తో భర్తీ చేసిన వారిని మామూలు శిక్షణ పొందినవారితో పోల్చారు. జ్ఞానంలో, నైపుణ్యంలో, లైసెన్సు పరీక్ష ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ వాక్యాన్ని మాత్రమే చదివి సగం గంటలు బొమ్మతో నింపవచ్చని మన యాజమాన్యాలు సంబరపడతాయి. ఆ ఫలితం శిక్షణ పొందిన అధ్యాపకులు, తగినన్ని పరికరాలు, ప్రతి అభ్యాసం తరువాత జరిగిందేమిటో కూర్చొని చర్చించే పద్ధతి ఉన్న చోట వచ్చింది. తాళం వేసిన గదిలో దుమ్ము పట్టిన ప్లాస్టిక్ బొమ్మకు ఆ అధ్యయనం వర్తించదు. పైగా మనకు ఎన్ని గంటలు భర్తీ చేయవచ్చో కౌన్సిల్ పాఠ్యప్రణాళిక చెబుతుంది, విదేశీ శాతాలు కావు.

ల్యాబ్‌లో బాగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. పీపీఈ విప్పే వరుస, చేతుల శుభ్రత, బోర్లా పడుకోబెట్టడం, గుండె ఆగినప్పుడు చేసే పని, ఆక్సిజన్ లెక్క. ఈ చివరిది నేను ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే రెండో ఉధృతిలో ఇది ప్రాణాల లెక్క అయింది. పెద్ద డి-రకం సిలిండర్‌లో నిండుగా సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, చిన్న బి-రకంలో సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే పెద్దది పదకొండున్నర గంటలు దాటి వస్తుంది, చిన్నది రెండున్నర గంటలకే అయిపోతుంది. గేజు సగం చూపిస్తున్న పెద్ద సిలిండర్ మీద 15 లీటర్లు పోతుంటే నాలుగు గంటలు కూడా రాదు. అంబులెన్సులో రోగిని గుంటూరు నుంచి విజయవాడకు తరలించేటప్పుడు ఏ సిలిండర్ పెట్టాలి, దారిలో ట్రాఫిక్ ఆగితే ఏమిటి? ముక్కు గొట్టంతో 6 లీటర్లు దాటి ఇవ్వకూడదని, సంచి ఉన్న మాస్కుకు 10 లీటర్ల కంటే తగ్గించకూడదని తెలిసిన విద్యార్థిని ఈ లెక్క చేసుకుంటే, వార్డులో మొదటి రోజే ఉపయోగపడుతుంది. దీనికి ఖరీదైన బొమ్మ కూడా అక్కర్లేదు, ఖాళీ సిలిండరు, ఫ్లోమీటరు, ఒక పలక చాలు.

రానివి కూడా ఉన్నాయి. నొప్పులు పడుతున్న తల్లి చేయి పట్టుకొని మాట్లాడడం, ముసుగు వెనక ముఖం కనబడని స్థితిలో వృద్ధుణ్ణి శాంతపరచడం, హాండోవర్‌లో సీనియర్‌ను ధైర్యంగా ప్రశ్నించడం బొమ్మ నేర్పదు. అందుచేత మీకున్న పరిమితమైన వార్డు గంటలను వీటికి కేటాయించి, యాంత్రిక నైపుణ్యాలను ల్యాబ్‌కు మార్చండి. గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న నాలుగైదు కళాశాలలు కలిసి ఒక మంచి ల్యాబును వంతులవారీగా వాడుకోవడం కూడా భాగస్వామ్యమే. ఒక్కో కళాశాల విడివిడిగా నాసిరకం పరికరాలు కొనడం కంటే ఇది తెలివైన ఖర్చు. పోటీ కళాశాలలు కలుస్తాయా అంటారు. ప్రవేశాల సమయంలో కలవవు, ల్యాబు ఖర్చు దగ్గర కలుస్తాయి.

మీ మూడవ ప్రశ్న, పంపడం సబబేనా అన్నది, తేలికగా తేల్చేది కాదు. స్వచ్ఛందంగా వస్తే సబబే అంటాను, కానీ మన హాస్టళ్ళలో స్వచ్ఛందం అన్నది ఎంత నిజమో మనకు తెలుసు. ప్రిన్సిపాల్ సమావేశం పెట్టి చేతులెత్తమంటే ఎత్తని అమ్మాయి ఉండదు. కాబట్టి అంగీకారం రాతపూర్వకంగా, విడివిడిగా, అధ్యాపకులు కాని ఒక వ్యక్తి తీసుకోవాలి. ఇవ్వని వారికి ఇంటర్నల్ మార్కుల్లో, హాజరులో నష్టం ఉండదని ముందే రాసి అంటించాలి, వారికి కోవిడ్ కాని పోస్టింగు ప్రత్యామ్నాయంగా చూపాలి. గర్భిణులు, ఆస్తమా, మధుమేహం వంటి సమస్యలున్నవారు అడగకుండానే మినహాయింపులో ఉండాలి. తల్లిదండ్రుల మాట కూడా ఉంది. చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థి సంతకమే చాలు, కానీ పల్నాడు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి, ఏ వార్డు, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణ, జబ్బు పడితే ఎక్కడ చూస్తారు అన్నది చెప్పకపోతే, రెండో రోజున ఆయన బస్సెక్కి వచ్చి అమ్మాయిని తీసుకెళ్ళిపోతాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

గంటల నమోదుతో ముగిస్తాను, ఎందుకంటే మీ లాగ్‌బుక్కుల బాధ అక్కడే ఉంది. 2021 నుంచి వచ్చిన బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలో ఒక క్లినికల్ క్రెడిట్ అంటే 80 గంటలు, ఎనిమిదవ సెమిస్టర్‌లో 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. విపత్తు ఆ సెమిస్టర్‌లోనే వస్తే ఏం చేయాలన్నది ఒప్పందంలో విడిగా ఆలోచించండి, ఎందుకంటే ఆ బ్యాచ్‌కు మళ్ళీ వార్డుకు తిరిగివచ్చే అవకాశం ఉండదు, వారు నేరుగా ఉద్యోగంలోకి వెళతారు. లాగ్‌బుక్‌లో ప్రతి పనికీ ఎక్కడ చేశారన్న గడి ఒకటి చేర్చండి: వార్డు, ల్యాబు, ఆరోగ్య కేంద్రం, ఫోన్. ఎవరి సమక్షంలో అన్న గడిలో స్టాఫ్ నర్సు సంతకం ఆ రోజే పడాలి, నెలాఖరున కట్టలు కట్టి పెట్టించే సంతకాలకు విలువ లేదు. పోయిన గంటలను పూడ్చడానికి కళాశాల తెరిచాక ఏ వార్డులో, ఏ వారాల్లో అదనపు పోస్టింగు ఇస్తారో ఆసుపత్రితో ముందే రాయించుకోండి. ఇవన్నీ నింపిన ముసాయిదాను సంతకాలకు ముందు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఒక ప్రతి పంపి, వారి అభ్యంతరాలు రాతపూర్వకంగా తెప్పించుకుంటే, తరువాత పరీక్షల సమయంలో గంటలు చాలలేదన్న తగాదా మీ విద్యార్థుల మీదకు రాదు.